కొత్తగా వచ్చిన ఆర్కిడ్‌ను లీకాలోకి ఎప్పుడు మార్చాలి?

క్లుప్తంగా: లీకా (కాల్చిన మట్టి గోళీలు) నింపి, అడుగున కాస్త నీళ్లు నిలిపే కుండీలో మొక్క పెంచడాన్ని సెమీ హైడ్రో అంటారు. ఈ పద్ధతిలో ఆర్కిడ్ బతుకుతుందా లేదా అన్నది చాలావరకు దాన్ని ఎప్పుడు మార్చారన్న దాని మీద ఆధారపడుతుంది. పాత మీడియంలో, అంటే కుండీలో వేర్ల చుట్టూ నింపే బెరడు, నాచు, బొగ్గు లాంటివాటిలో, పుట్టిన వేర్లకు నిత్యం తడిగా ఉండే లీకా పడదు, లీకాలోనే పుట్టిన వేర్లకు అదే ఇల్లు. కాబట్టి కొత్త వేరు మొనలు కనిపించేదాకా ఆగడం మంచిది, పాత వేర్లు అప్పటికే కుళ్లుతుంటే మాత్రం ఆగకూడదు. మన దగ్గర వానాకాలం దీనికి అనువైన సమయం. ఆ తర్వాత చూసుకోవాల్సినవి నీళ్లలోని ఉప్పు, ఎరువులో కాల్షియం.

ఒకే గోళీలు, రెండు రకాల అనుభవాలు

కొరియర్‌లో ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ ఒకటి వస్తుంది. ఆకులు కొంచెం వాడి ఉంటాయి, వేర్ల చుట్టూ తడి నాచు గట్టిగా చుట్టి ఉంటుంది. ఇప్పుడు ఏం చేయాలని మొక్కల గ్రూపులో అడిగితే, ఆ నాచు తీసేసి వెంటనే లీకా బాల్స్‌లో పెట్టేయండి, నా మొక్కలన్నీ అందులోనే ఉన్నాయి అని ఒకరు చెబుతారు. లీకా జోలికి పోవద్దు, నెల తిరిగేసరికి వేర్లన్నీ కుళ్లి మొక్క పోయింది అని ఇంకొకరు అంటారు. అడిగిన మనిషికి టెన్షన్ పెరగడం తప్ప ఏమీ తేలదు.

ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు. గోళీలు అవే, నీళ్లు అవే, ఒక్కోసారి మొక్క కూడా ఒకే నర్సరీ నుంచి వచ్చిందే అయి ఉంటుంది. తేడా ఎక్కడుందో తెలియాలంటే కుండీని పక్కన పెట్టి ముందు వేరుని చూడాలి. దానికి ముందు ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు.

దీపం వత్తి, మట్టి కుండ

మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచడానికి హైడ్రోపోనిక్స్ అన్న పేరుని 1937లో వాడుకలోకి తెచ్చింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరికీ. అందులో సగం ఆలోచనని తీసుకుని ఆర్కిడ్లకు సరిపోయేలా మలిచినది సెమీ హైడ్రో. 1990ల్లో అమెరికాలో ఫస్ట్ రేస్ అనే ఆర్కిడ్ వ్యాపారం నడిపిన రే బార్కలో దీన్ని ఇంట్లో పెంచుకునేవాళ్లలో బాగా ప్రచారం చేశారు, ఆ పేరు కూడా ఆయన వల్లే స్థిరపడింది.

నిర్మాణం చాలా సులువు. అడుగున రంధ్రాలు లేని కుండీ తీసుకుని, అడుగు నుంచి సుమారు ఒక అంగుళం ఎత్తులో పక్క గోడకి ఒకటి రెండు చిన్న రంధ్రాలు పెట్టి, అంతా లీకాతో నింపుతారు. లీకా అంటే మట్టి ముద్దల్ని తిరిగే బట్టీలో సుమారు 1200 డిగ్రీల వేడి దగ్గర కాల్చితే లోపలి వాయువులు ఉబ్బి, మరమరాల్లా పొంగిన గోళీలు. లోపల బోలెడు సన్న రంధ్రాలు ఉంటాయి. పైనుంచి నీళ్లు పోస్తే పక్క రంధ్రం ఎత్తుదాకా నిలిచి, మిగతావి బయటికి పోతాయి. ఆ అంగుళం నీళ్లని గోళీలు ఒకదాని నుంచి ఒకటి పైకి పీల్చుకుంటాయి, దీపం వత్తి నూనెని పీల్చుకున్నట్టు. గోళీలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి వాటి మధ్య ఖాళీల్లో గాలి ఆడుతుంది. అంటే వేరుకి ఒకే చోట తడీ, గాలీ దొరుకుతాయి.

పైన్ బెరడు, కొబ్బరి డొక్క ముక్కలు, నాచు వంటివి ఏడాదిన్నర రెండేళ్లలో చివికిపోయి ముద్దవుతాయి, అప్పుడు గాలి ఆగిపోయి వేర్లు కుళ్లుతాయి, కాబట్టి రెండేళ్లకోసారి మొక్కని కదపక తప్పదు. లీకా చివకదు. ఒకసారి కుదురుకున్న మొక్కని ఏళ్ల తరబడి కదపక్కర్లేకపోవడమే ఈ పద్ధతిలో అసలైన లాభం. "వారానికోసారి నీళ్లు పోస్తే చాలు" అన్న మాటకే ఎక్కువ ప్రచారం దొరికింది గానీ, వేర్లను చాలాకాలం కదపకుండా ఉంచడం దానికంటే ఎంతో విలువైన సంగతి.

ఇందులో ఒక నష్టం కూడా దాగి ఉంది. గోళీల పైనుంచి నీళ్లు ఆవిరవుతుంటే కుండీ చల్లబడుతుంది, మట్టి కుండలో నీళ్లు చల్లబడినట్టే. ఎండాకాలంలో అది మేలు. చలికాలపు రాత్రి అదే కుండీ గది కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా, పైగా తడిగా ఉంటుంది. ఫెలనాప్సిస్ వేరుకి చలి, తడి రెండూ కలిసి రావడం కన్నా చేటు ఇంకొకటి లేదు.

వేరు పుట్టిన చోటే దాని అలవాటు

చెట్టు మీద పెరిగే మొక్క కనిపిస్తే మన ఊళ్లలో బదనిక అనేస్తారు. నిజమైన బదనిక చెట్టు రసం పీల్చుకుని బతుకుతుంది. ఆర్కిడ్ అలా కాదు, చెట్టు దానికి కూర్చోవడానికి పీట మాత్రమే. వాన పడ్డప్పుడు బెరడు మీద జారే నీళ్లు, గాలిలోని తేమ, కొమ్మల సందుల్లో చేరిన ఆకుల చెత్త నుంచి వచ్చే కొద్దిపాటి పోషకాలు, వాటితోనే దాని బతుకు. ఆ బతుక్కి తగ్గట్టే దాని వేరు చుట్టూ వెలమెన్ అనే తెల్లటి స్పాంజి పొర ఉంటుంది. అవి చనిపోయిన ఖాళీ కణాలు. చినుకు పడితే క్షణాల్లో నీళ్లు పట్టేసుకుంటాయి, తర్వాత లోపలి సజీవ కణాలకు నెమ్మదిగా అందిస్తూ గంటల్లో ఆరిపోతాయి. ఎండినప్పుడు వేరు వెండి రంగులో, తడిసినప్పుడు ఆకుపచ్చగా కనిపించడానికి కారణం ఇదే, స్పాంజి నీళ్లతో నిండితే లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది.

తడవడం, ఆరడం అనే ఈ వరసలో పుట్టి పెరిగిన వేరు లోపలి కట్టుబడి ఒకలా ఉంటుంది, ఎప్పుడూ తడి తగిలే చోట పుట్టిన వేరు కట్టుబడి ఇంకోలా ఉంటుంది. పెరిగిపోయిన వేరు తన నిర్మాణాన్ని మళ్లీ మార్చుకోలేదు. బెరడులోనో బొగ్గులోనో పెరిగిన వేరుని తెచ్చి లీకాలో పెడితే స్పాంజి పొర ఎప్పటికీ ఆరదు, నీళ్లతో నిండిన ఆ పొరలోంచి గాలి లోపలికి సరిగా చేరదు, ఊపిరాడక కొన్ని వారాల్లో వేరు మెత్తబడుతుంది. కొత్తగా మొలిచి, మొన దగ్గర నుంచీ లీకా తడిలోనే సాగిన వేరుకి ఆ ఇబ్బంది లేదు. అది నేరుగా అడుగున నిలిచిన నీళ్లలోకి దిగి కూడా బాగుంటుంది.

ఇప్పుడు గ్రూపులోని ఇద్దరి అనుభవాలూ అర్థమవుతాయి. మొదటి మనిషి మొక్కకి మార్చిన వారం పది రోజుల్లో కొత్త వేర్లు దిగి ఉంటాయి, పాతవి పోయినా తేడా తెలియలేదు. రెండో మనిషి మొక్క వేర్లు పెట్టని కాలంలో ఉంది, పాత వేర్లు పోయాయి, కొత్తవి రాలేదు, నీళ్ల మధ్యలోనే మొక్క దాహంతో పోయింది. ఆకులు ముడతలు పడటం చూసి నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకాస్త పోసి ఉంటారు కూడా. చాలా మొక్కలు ఇలాగే పోతాయి.

వేడి నీళ్లలో గాలి తక్కువ

ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీళ్లలో కదిలే వేగం దాదాపు పదివేల రెట్లు తక్కువ. కాబట్టి వేరు చుట్టూ ఉన్న నీటి పొర ఎంత మందంగా ఉందన్నదే కీలకం. గోళీ మీది తడి పలచటి పొర, అందులోంచి గాలి దాటగలదు. గోళీల మధ్య ఖాళీలే నీళ్లతో నిండిపోతే దాటలేదు. చిన్న సైజు గోళీలు, పగిలిన పొడి, కడగని దుమ్ము ఆ ఖాళీల్ని పూడ్చేస్తాయి.

దీనికి మన ఎండ తోడవుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 35 డిగ్రీలకు అది 7కి పడిపోతుంది. అదే సమయంలో వేడికి వేరు శ్వాసక్రియ పెరుగుతుంది, పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క. సరఫరా తగ్గుతుంది, అవసరం పెరుగుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బాల్కనీలో కూర్చున్న కుండీ అడుగు నీళ్లు ఎంత వేడెక్కుతాయో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. చల్లటి దేశాల్లో తీసిన వీడియోల్లో ఈ సంగతి రాదు, వాళ్లకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి. కుండీకి నేరుగా ఎండ తగలకుండా, వీలైతే ఇంకో పెద్ద మట్టి తొట్టిలో దించి ఉంచితే ఇది చాలావరకు తగ్గుతుంది.

పెట్టె తెరిచిన రోజు

మన దగ్గరికి వచ్చే ఆర్కిడ్లు ఎక్కువగా కాలింపాంగ్, సిక్కిం, అస్సాం వైపు నుంచో, కేరళ నుంచో, థాయిలాండ్ నుంచి దిగుమతి చేసుకునేవాళ్ల దగ్గర నుంచో వస్తాయి. కడియం నర్సరీల్లో దొరికేవాటిలో కూడా చాలావరకు ఎక్కడో పెరిగి వచ్చినవే. విదేశాల నుంచి వచ్చేవి మొక్కల క్వారంటైన్ నిబంధనల వల్ల మట్టీ మీడియం ఏమీ లేకుండా వట్టి వేర్లతో వస్తాయి. ఎక్కడి నుంచి వచ్చినా మొక్క నాలుగైదు రోజులు చీకట్లో, గాలాడని పెట్టెలో, కుదుపుల్లో ఉండి వచ్చింది. చల్లటి కొండల్లో పెరిగిన మొక్క అయితే దిగగానే వాతావరణం కూడా కొత్త. మొగ్గలు రాలడం, కింది ఆకు ఒకటి పసుపెక్కడం ఈ దశలో మామూలే, దానికి కంగారుపడి మందులు కొట్టక్కర్లేదు.

మొదటి రోజు చేయాల్సింది తక్కువ. వేర్లు వాడి ఉంటే మామూలు నీళ్లలో ఇరవై నిమిషాలు అరగంట ముంచి తీసి, నీడలో గాలి తగిలేచోట పెట్టాలి. ఆకుల మధ్య, మొవ్వులో నీళ్లు నిలిస్తే టిష్యూతో అద్దేయాలి. మిగతా మొక్కలకు దూరంగా మూడు నాలుగు వారాలు ఉంచడం చాలామంది వదిలేసే పని, కానీ పిండినల్లి, పొలుసు పురుగులు, తామర పురుగులు ఇంట్లోకి వచ్చేది ఈ దారినే. ఆకు అడుగున, కాడకీ ఆకుకీ మధ్య సందుల్లో చూడాలి. మొక్కలకు వచ్చే వైరస్‌లకు మందు లేదు, అవి రసం ద్వారా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పాకుతాయి, కాబట్టి ఒక మొక్కకి వాడిన బ్లేడుని మంట మీద కాల్చకుండా రెండో మొక్కకి వాడకూడదు.

ఆగాలా, వెంటనే మార్చాలా

ఈ నిర్ణయాన్ని కుండీ కాదు, వేర్లే చెబుతాయి. నాచుని కొంచెం పక్కకి జరిపి వేళ్లతో వేర్లని నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే, మీడియం పుల్లటి వాసన రాకుండా ఉంటే, తొందర ఏమీ లేదు. పూకాడతో వచ్చిన మొక్క అయితే పూలు అయ్యేదాకా అలాగే ఉంచి, మొక్క మొదట్లోంచి ఆకుపచ్చటి లేదా ఎర్రటి మొనతో కొత్త వేరు పొడుచుకురావడం కోసం ఎదురుచూడటమే సరైన పని. ఆ మొన ఒక సెంటీమీటరు లోపు ఉన్నప్పుడు మార్చడం అన్నిటికన్నా మంచిది. మరీ పొడవయ్యాక మారిస్తే విరిగే ప్రమాదం ఉంది, పైగా అప్పటికే అది పాత అలవాటులో పడి ఉంటుంది.

నొక్కితే వేర్లు పిచ్చుమని నీళ్లు కారుతున్నా, పైపొర ఊడి లోపలి దారం మిగులుతున్నా ఆగడం వల్ల లాభం లేదు, కాలం ఏదైనా మీడియం మార్చాల్సిందే. కానీ అప్పుడు కూడా నేరుగా నీళ్లు నిలిచే లీకా కుండీలోకే పోవాలని లేదు. అడుగున రంధ్రాలున్న కుండీలో బొగ్గు, ఇటుక ముక్కల్లాంటి ఆరిపోయే మీడియంలో గానీ, కొంచెం కొత్త నాచు చుట్టి పారదర్శక సంచిలో తేమగా గానీ ఉంచి, కొత్త వేర్లు వచ్చాక లీకాలోకి తేవచ్చు. రెండుసార్లు కదపడం దేనికని అనిపించినా, వేర్లు లేని మొక్కకి నిలవ నీళ్లు ఏ విధంగానూ ఉపయోగపడవు.

కొత్త ఫెలనాప్సిస్‌లో ఒక దొంగ చోటు ఉంటుంది. పిల్ల మొక్కగా ఉన్నప్పుడు వాడిన చిన్న నెట్ కప్పు, స్పాంజి ముక్క లేదా గట్టిగా నొక్కిన నాచు ఉండ వేర్ల నడిమధ్యలో అలాగే మిగిలిపోతుంది. చుట్టూ బెరడు పొడిగా కనిపిస్తున్నా ఆ ఉండ వారాల తరబడి తడిగానే ఉంటుంది. మొదలు కుళ్లడం అక్కడే మొదలవుతుంది. కాబట్టి పైకి ఆరోగ్యంగా కనిపించే మొక్కైనా, ఆ ఉండ ఉందో లేదో పుల్లతో గుచ్చి చూసుకోవడం అవసరం.

ఇక కాలం సంగతి. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ, రాత్రులు వెచ్చగా ఉంటాయి, చాలా ఆర్కిడ్లు వేర్లు పెట్టేది కూడా అప్పుడే. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో ఈ వ్యవధి ఇంకా కాస్త ముందూ వెనకా సాగుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు తరచూ 15 డిగ్రీల కిందికి దిగుతాయి, అప్పుడు మార్చడం మానుకోవాలి. ఏప్రిల్, మే పొడి వేడిలో గోళీల పైవరస నీళ్లు పోసిన గంటల్లోనే ఎండిపోయి కొత్త వేరు మొనలు మాడతాయి, అదీ మంచిది కాదు. అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు లెక్క వేరు: హీటర్ వేసిన ఇంట్లో చలికాలం గాలి మన మే నెలంత పొడిగా ఉంటుంది, కిటికీ పక్కన మాత్రం చల్లగా ఉంటుంది, అందువల్ల వసంతం దాకా ఆగడం నయం.

మార్చేటప్పుడు

లీకాని దుమ్ము పోయి నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, కనీసం ఒక రోజంతా నానబెట్టాలి. ఎండు గోళీలు పైకి నీళ్లు పీల్చవు, పైగా వేరు దగ్గర ఉన్న తడినే లాగేసుకుంటాయి. ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు గోళీలు పెద్ద వేర్లున్న ఫెలనాప్సిస్, కాట్లియాలకు బాగుంటాయి, సన్న వేర్లున్న ఆన్సీడియం వంటివాటికి చిన్న సైజు కావాలి. కుండీ మొక్కకి కాదు, వేర్లకు సరిపోవాలి. లోతైనదాని కన్నా తక్కువ ఎత్తున్నది మేలు, ఎత్తు పెరిగేకొద్దీ పైవరసకి తడి చేరదు. కర్రీ పాయింట్ పార్సెల్ డబ్బాలు, పారదర్శకమైనవి, మొదటి ప్రయోగానికి చక్కగా సరిపోతాయి. వేడి చేసిన మేకుతో పక్కన రంధ్రం పెట్టుకోవచ్చు, లోపల నీళ్లు ఎంతున్నాయో, వేర్లు ఎక్కడిదాకా వచ్చాయో కంటికి కనిపిస్తుంది. వెలుతురుకి పాకుడు పట్టకుండా బయట ఇంకో డబ్బా తొడిగితే చాలు.

మొక్కని పాత మీడియంతో సహా నీళ్లలో నానబెట్టి, నాచుని కొంచెం కొంచెంగా లాగాలి. బెరడు ముక్క వేరుకి అతుక్కుపోయి ఉంటే వేరు చీలేలా పీకకూడదు, కానీ వదులుగా ఉన్నవన్నీ పోవాలి, లీకా తడిలో మిగిలిన బెరడు కుళ్లుతుంది. మెత్తబడిన వేర్లని శుభ్రమైన బ్లేడుతో కోసి, కోతలు ఎక్కువగా ఉంటే ఒక రాత్రి ఆరనివ్వాలి. కోతల మీద దాల్చినచెక్క పొడి అద్దమని చాలామంది చెబుతారు, ఆకు మీద కోతకి అది ఫర్వాలేదు గానీ వేర్ల మీద చల్లితే మంచి వేరుని కూడా ఎండబెడుతుంది. గట్టిగా ఉన్న పాత వేర్లని, తర్వాత ఎలాగూ పోతాయని, ముందే కోసేయడం కూడా తప్పు. అవి ఉన్నన్ని రోజులూ మొక్కకి నీళ్లు అందిస్తాయి, కుండీలో కదలకుండా పట్టి ఉంచుతాయి.

కదలకుండా ఉండటం చాలా ముఖ్యం. మొక్క ఊగితే ప్రతి ఊపుకీ కొత్త వేరు మొన గోళీకి రాసుకుని మాడుతుంది, అందుకని పుల్ల కట్టో కుండీ అంచుకి తాడు వేసో బిగించాలి. మొక్క మొదలు గోళీల పైవరసకి సమానంగా, పూడిపోకుండా ఉండాలి. వానాకాలం కాకుండా పొడి రోజుల్లో మార్చాల్సి వస్తే మొదలు చుట్టూ పలచగా నాచు పరిస్తే కొత్త మొన పైవరస దాటి లోపలికి దిగేదాకా తడి దొరుకుతుంది.

నీళ్లు, ఎరువు: అసలు చిక్కు ఇక్కడే

లీకాకి సొంతంగా పోషకాలు లేవు, ఉన్నవాటిని పట్టి ఉంచే శక్తీ పెద్దగా లేదు. పోసిన నీళ్లలో ఏముంటే మొక్కకి అదే తిండి. అదే సమయంలో గోళీలు నీళ్లని పైకి లాగుతూ ఆవిరి చేస్తుంటాయి, ఉప్పు మాత్రం పైవరసలో మిగిలిపోతుంది. గోళీల మీద తెల్లటి పొర కనిపిస్తే అది బూజు అనుకుని మందు కొట్టేవాళ్లున్నారు, చాలాసార్లు అది నీళ్లలోని ఉప్పే.

తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకి మిల్లీగ్రాముల్లో) 500 దాకా ఆమోదయోగ్యం, వేరే దారి లేకపోతే 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. మనిషికి సరిపోయిన ఆ నీళ్లు ఆర్కిడ్‌కి సరిపోవు, ఎరువు కలపకముందు 200 లోపు ఉంటే సుఖం. చాలా అపార్ట్‌మెంట్ బోర్లు ఆ హద్దు ఎప్పుడో దాటేశాయి. వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు, ప్యూరిఫయర్ ఇచ్చే శుద్ధి నీళ్లు వాడుకోవచ్చు. ప్యూరిఫయర్ పక్క పైపులోంచి బయటికి పోయే నీళ్లు మాత్రం వద్దు, బోరులోని ఉప్పు అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. నీళ్లు వృథా కాకూడదన్న మంచి ఉద్దేశంతో వాటినే ఆర్కిడ్లకు పోసి మొక్కలు పోగొట్టుకోవడం బాధాకరం, ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి వాడితే సరిపోతుంది.

శుద్ధి నీళ్లతో ఇంకో సమస్య: అందులో కాల్షియం, మెగ్నీషియం ఉండవు. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే 19:19:19 ఎరువులోనూ (నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 19 శాతం) ఉండవు. పైగా అందులోని 19 శాతం నత్రజనిలో సగానికి పైగా, 10.5 శాతం దాకా, యూరియా రూపంలో ఉంటుంది. యూరియాని మొక్క సులువుగా తీసుకునే రూపాల్లోకి మార్చేది సూక్ష్మజీవులు. మట్టిలో అవి కోట్లలో ఉంటాయి, శుభ్రంగా కడిగిన గోళీల్లో తక్కువ. పూర్తిగా వృథా అనలేం గానీ నమ్ముకోదగ్గది కాదు. ఒక వారం 19:19:19, ఇంకో వారం కాల్షియం నైట్రేట్, లీటరుకి పావు గ్రాము చొప్పున, మధ్యలో ఎప్పుడైనా చిటికెడు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే ఆ లోటు తీరుతుంది. పావు గ్రాము కాల్షియం నైట్రేట్‌తో లీటరు నీళ్లలోకి సుమారు 47 పీపీఎం (అంటే 47 మిల్లీగ్రాముల) కాల్షియం వస్తుంది. ఈ రెండు ఎరువుల్ని చిక్కగా ఒకే సీసాలో కలిపి దాచకూడదు, కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లటి మడ్డిగా అడుగుకి చేరి దేనికీ పనికిరాకుండా పోతుంది. కొత్త వేర్లు దిగేదాకా ఎరువు ఇందులో సగం చాలు.

నీళ్లు పోయడం అంటే అడుగున తగ్గిన దాన్ని నింపడం కాదు. కుండీ అంచుదాకా నింపి, పక్క రంధ్రంలోంచి అంతా పోనివ్వాలి. దిగే నీళ్ల వెనక తాజా గాలి లోపలికి వస్తుంది, పేరుకున్న ఉప్పు బయటికి పోతుంది. వారానికోసారి ఇలా చేస్తే దోమల బెడద కూడా ఉండదు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, ఆలోపే నీళ్లు మారిపోతాయి. కుండీని దించిన బయటి తొట్టిలో నిలిచే నీళ్లని మర్చిపోతారు చాలామంది, దోమలు పెరిగేది అక్కడే. నెలకోసారి ఎరువు లేని నీళ్లతో రెండు మూడుసార్లు కడిగేయాలి.

అన్ని ఆర్కిడ్లకూ ఇది కాదు

ఫెలనాప్సిస్, ఆన్సీడియం, పాఫియోపెడిలం, ఫ్రాగ్మిపెడియం ఈ పద్ధతికి బాగా కలిసివస్తాయి. కాట్లియా కూడా వస్తుంది, కొత్త చిగురు వేర్లు పెట్టే ఆ రెండు మూడు వారాలు పట్టుకోగలిగితే. చలికాలంలో నీళ్లు దాదాపు ఆపేయాల్సిన నోబైల్ రకం డెండ్రోబియంలకి ఎప్పుడూ తడిగా ఉండే కుండీ వాటి స్వభావానికి ఎదురు. వాండా వేర్లు గాలిలో వేలాడటానికే పుట్టాయి, కోస్తా ఇళ్ల వరండాల్లో చెక్క బుట్టలో బొగ్గు ముక్కలతో వేలాడదీసినవి ఎంత బాగుంటాయో చూస్తే వాటిని తెచ్చి డబ్బాలో దింపాల్సిన అవసరం కనిపించదు. వారానికి రెండుసార్లు నీళ్లు పోయడం ఇష్టంగా చేసేవాళ్లకి, తేమ బాగా ఉన్న ఊళ్లలో, కొబ్బరి డొక్క, బొగ్గు, ఇటుక ముక్కలే చవకైన, నమ్మకమైన దారి. ఇటుక ముక్కల్ని లీకా బదులు నిలవ నీళ్లలో వాడటం సాధ్యమే గానీ అంచులు పదునుగా, సైజులు ఎగుడుదిగుడుగా ఉండటంతో గాలి ఖాళీలు మూసుకుపోతాయి.

మొదటి మూడు నెలలు

మార్చిన తొలి నెలలో పైకి ఏమీ జరగదు. తర్వాత డబ్బా గోడకి ఆనుకున్న పాత వేర్లు ఒకటీ రెండూ గోధుమ రంగులోకి మారడం కనిపిస్తుంది, కింది ఆకు ఒకటి పోవచ్చు. దీన్ని చూసి మొక్కని బయటికి లాగి మళ్లీ కడిగి కోసి పెడితే అప్పుడే దిగుతున్న కొత్త వేర్లు విరుగుతాయి. పైన ఆకులు గట్టిగా ఉన్నంతవరకు ముట్టుకోకూడదు. ఆకులు రోజురోజుకీ తోలులా మెత్తబడుతూ, మొదలు దగ్గర కొత్త మొన ఒక్కటీ లేకపోతే మాత్రం ఆగకూడదు, తీసి చూసి, నాచు, సంచి దారిలోకి వెనక్కి వెళ్లాలి. కొత్త వేరు లీకాలోకి దిగిందా అన్నది పారదర్శక డబ్బాలో తేలిగ్గా తెలుస్తుంది: గోళీల మధ్య ఆకుపచ్చటి మొనతో, పాతవాటికంటే తెల్లగా, నునుపుగా, గోళీలకు అతుక్కుంటూ సాగుతుంది. అలాంటివి రెండు మూడు అడుగు నీళ్ల దాకా చేరాక, పైన పరిచిన నాచు తీసేసి, ఎరువుని మామూలు మోతాదుకి పెంచవచ్చు.